మనిషి పేరే

పెరట్లో కుక్కపిల్ల వెలగబెట్టిన ఘనకార్యాన్ని ప్లాస్టిక్ సంచీతో ఎత్తుతూ నేను వంగి ఉన్నాను. మా ఆయన లెఫ్టేరిస్ వంటింటి కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

"హెర్క్యులిస్! ఎలా ఉంది? మగకుక్కకి బలశాలి పేరుండాలి!"

"ఆరెస్ బాగుంటుంది నాన్నా, యుద్ధదేవుడు," అని లోపల్నుంచి మా చిన్నవాడు ఫోటిస్.

యుద్ధదేవుడు అప్పటికి నా చెప్పు నములుతున్నాడు. వాణ్ణి వారం కిందట ఫోటిసే తెచ్చాడు. "నీకేం పని పెట్టనమ్మా, అంతా నేనే చూసుకుంటా," అన్నాడు. మొదటిరోజు చూసుకున్నాడు. రెండోరోజు వాన. మూడోరోజు పరీక్ష. నాలుగోరోజు నుంచి వాడి నడకలు, గిన్నెలు, సంచులు అన్నీ నావే. "ఎలాగూ బేకరీకి తెల్లారకుండానే లేస్తావుగా," అన్నాడు లెఫ్టేరిస్. ఇరవై ఏడేళ్ళుగా ఈ ఇంట్లో నా పనులన్నీ ఆ 'ఎలాగూ' వెంటే వచ్చాయి. ఎలాగూ వంటింట్లోనే ఉన్నావుగా, ఎలాగూ మెలకువగానే ఉన్నావుగా. ఇంత పని చేస్తున్నా, పేరు పెట్టడం దగ్గరికొచ్చేసరికి మాత్రం నన్ను ఎవరూ అడగలేదు.

సోమవారం పశువైద్యుడి దగ్గర టీకా. అక్కడ కార్డు మీద పేరు రాయాలి. అందుకని ఆ ఆదివారం భోజనాల దగ్గర తేల్చేద్దామన్నారు. నిమ్మరసం, ఆలుగడ్డలు వేసి కాల్చిన మేకమాంసం బల్ల మీద పెడుతూ నేను కూడా నోరు విప్పాను. "హెర్క్యులిస్ వద్దు. పార్కులో ముగ్గురున్నారు. ఒక్కసారి పిలిస్తే మూడు కుక్కలొచ్చి మీద పడతాయి."

"మన ఇంట్లో లాగా," అని నవ్వాడు పెద్దవాడు స్టావ్రోస్. నిజమే. మా మామగారు స్టావ్రోస్. ఆయన కొడుకులు ముగ్గురూ తమ తొలి మగపిల్లాడికి ఆయన పేరే పెట్టారు. మా గ్రీకుల్లో పద్ధతి అదే, టొరంటో వచ్చి యాభై ఏళ్ళయినా ఇంచు కదలలేదు. చుట్టాల్లో బట్టతల స్టావ్రోస్, మాంట్రియల్ స్టావ్రోస్ ఉన్నారు. మావాడు గడ్డం పెంచినా చిన్న స్టావ్రోసే.

రెండో కొడుక్కి తల్లి వైపు తాత పేరు పెట్టడమూ మా పద్ధతే. అది మాత్రం కదిలింది.

మా అత్తగారు ఎవాంథియా రొట్టెముక్క రసంలో ముంచుతూ తీర్పు చెప్పింది. "ఏదైనా పెట్టండి గానీ పునీతుల పేరు పెట్టకండి, పాపం తగులుతుంది. ఆ పాతకాలపు పేర్లలోంచి ఒకటి తీసుకోండి. కుక్కలకీ ఓడలకీ అవే బాగుంటాయి."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. సరిగ్గా ఈ మాటే. ఇరవై ఏళ్ళ కిందట ఫోటిస్ నా ఒళ్ళో ఉన్నప్పుడు ఆవిడ అన్నదీ ఇదే. మా నాన్న పేరు థ్రాసీవులోస్. క్రీస్తుకి ముందునాటి పేరు. ఆ పేరుతో పునీతుడు లేడు, అందుకని ఏటా పేరుపండగ చేసుకునే రోజూ లేదు. "అదీ ఒక మనిషి పేరేనా కల్లిరోయీ? కుక్కకి పెట్టుకోవాలి అలాంటిది. ఏ రోజున చుట్టాలకి మిఠాయి పంచుతాం?" అంది. లెఫ్టేరిస్ పేపర్లోంచి తలెత్తకుండా, "అమ్మతో ఎందుకు గొడవ," అన్నాడు. పిల్లాడికి పోయిన మా చినమామగారి పేరు పెట్టారు. మా నాన్న బాప్తిస్మానికి కొత్త సూటు కుట్టించుకుని వచ్చాడు. పాదిరి "ఫోటిస్" అనగానే చప్పట్లు కొట్టాడు, అందరికంటే గట్టిగా. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. వాళ్ళ మీద కాదు, నోరు మూసుకున్న నా మీద.

గరిటె కింద పెట్టాను.

"అయితే థ్రాసీవులోస్ అని పెడదాం," అన్నాను.

బల్ల చుట్టూ ఒక్కసారిగా గోల లేచింది. "మతిపోయిందా!" అన్నాడు లెఫ్టేరిస్. "తాతయ్య పేరు కుక్కకా? ఛీ!" అన్నాడు ఫోటిస్. అందరికంటే గట్టిగా మా అత్తగారే అరిచింది, ఫోర్కు పళ్ళెంలో పడేసి. "సిగ్గు లేదుటే! కన్నతండ్రి పేరు! మనిషి పేరు కుక్కకి పెడతావా?"

"మనిషి పేరేనన్నమాట," అన్నాను.

మా అత్తగారు పడేసిన ఫోర్కు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఫోటిస్ నన్నూ ఆవిడనీ మార్చిమార్చి చూశాడు. ఆ పేరు తనకి రావలసిందని వాడికి ఎవరూ చెప్పలేదు, నేను కూడా.

"భయపడకండి, మా నాన్నని కుక్కకి ఇవ్వను. ఆ ఒక్క మాటే ఈ బల్ల దగ్గర వినాలనుకున్నాను, విన్నాను. ఇక వీడి పేరంటారా..." అంటుండగానే బల్ల కిందనుంచి కుక్కపిల్ల వారంలో వందోసారి తన కడుపు సంగతి అందరికీ తెలియజేసింది. స్టావ్రోస్ ముక్కు మూసుకున్నాడు. "ఏయొలోస్," అన్నాను. "గాలులన్నిటినీ తిత్తిలో దాచుకునే దేవుడు."

నవ్వులు ఇంటి కప్పుకి తగిలాయి. లెఫ్టేరిస్ కళ్ళు తుడుచుకుంటూ, "సరే, నువ్వే గెలిచావు," అన్నాడు.

భోజనాలయ్యాక మామూలుగానే మగవాళ్ళు హాల్లో టీవీలో బంతాట ముందు చేరారు. నేను మామూలుగానే గిన్నెల ముందు చేరాను. మా అత్తగారు వచ్చి పక్కన నిలబడి, కడిగిన పళ్ళెం ఒకటి తీసుకుని తుడవడం మొదలుపెట్టింది. తుడిచిందే తుడుస్తోంది.

"ఆ కుక్కల మాట నాది కాదే. మా అత్తగారిది. మా రెండోవాడు పుట్టినప్పుడు నాతో అంది," అంది చివరికి.

ఇన్నేళ్ళలో నేను ఎప్పుడూ అడగలేదు. నా చేతులు నురగలోనే ఉండిపోయాయి. "మీ నాన్నగారి పేరేమిటత్తయ్యా?"

ఆవిడ తలుపు వైపు చూసింది, ఎవరైనా వింటారేమోనన్నట్టు. "ఎపమినొందాస్," అంది. అని, పద్దెనిమిదేళ్ళ పిల్లలా నవ్వింది. "పెళ్ళయ్యాక ఈ ఇంట్లో ఇదే మొదటిసారి అనడం."

నేను పంపు కట్టేశాను. చేతులు తుడుచుకుని హాల్లోకి వెళ్ళి, టీవీకి అడ్డంగా నిలబడి స్పాంజి లెఫ్టేరిస్ ఒళ్ళో పెట్టాను.

"ఎలాగూ ఖాళీగానే ఉన్నారుగా," అన్నాను. "మేం ముగ్గురం అలా నడిచొస్తాం."

మా అత్తగారు అప్పటికే కోటు వేసుకుని, ఏయొలోస్ తాడు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "ఏదీ, మీ నాన్న పేరు ఇంకోసారి చెప్పు," అంది. సందు చివరిదాకా ఆ ఇద్దరి పేర్లూ పైకే అనుకుంటూ నడిచాం.