ఒక్క బల్ల చాలదు

పొద్దున్నే కేంద్రం తలుపు తీయగానే అక్క కిటికీలు తెరుస్తుంది, రబ్బరు చాపలు పరుస్తుంది, ఆ తర్వాత బల్ల ఎక్కడికి వెళ్లిందో కనుక్కుంటుంది.

"ఒరేయ్, బల్ల ఏదిరా?"

"పోస్టాఫీసు దగ్గరుంది. టైలరుగారు పార్సిల్ వేయడానికి వెళ్లారట," అంటాడు తమ్ముడు, చక్రాల కుర్చీలో కూర్చుని కంప్యూటర్ మీంచి తలెత్తకుండా.

"పిల్లలొచ్చే వేళయింది కదా!"

"వచ్చేస్తుందిలే. టైము నీకన్నా దానికే బాగా తెలుసు."

అది కేంద్రం పెట్టిన కొత్తలో ఒక వడ్రంగి చేసిచ్చిన వాలుబల్ల. గుమ్మం మెట్ల మీద వేస్తే చక్రాల కుర్చీలు లోపలికి రావడానికి వీలుగా ఉంటుందని చేయించారు. కొన్నాళ్లు బుద్ధిగా అక్కడే పడుంది. తర్వాత, ఊళ్లో ఎవరైనా మెట్లు ఎక్కలేకో దిగలేకో ఆగిపోతే అక్కడికి వెళ్లడం మొదలుపెట్టింది. నేలను రాసుకుంటూ రోడ్డు వారగా పోయేది. మెట్లు ఎన్నుంటే అంత పొడుగు సాగేది, పని కాగానే ముడుచుకునేది. అడ్డొస్తే బస్సు డ్రైవర్లు బ్రేకు వేసి "కానీ, కానీ" అనేవారు. వీధులూడ్చే ఆవిడ దాని మీది ఇసుక కూడా ఊడ్చి పంపేది. అంతకుమించి ఎవరూ పట్టించుకోలేదు. నోరు మెదపకుండా పని చేసేవాళ్లను ఎవరు మాత్రం పట్టించుకుంటారు?

అక్క చేసేది ఫిజియోథెరపీ. పక్షవాతం వచ్చినవాళ్ల చేత మళ్లీ గ్లాసు పట్టించడం, నడక రాని పిల్లల్ని కమ్మీల మధ్య నిలబెట్టడం ఆమె పని. తమ్ముడి పని మాటలతో. నిధులెక్కడున్నా వాసన పట్టి దరఖాస్తు పెట్టేస్తాడు. కేంద్రం ఇన్నాళ్లూ నడిచింది అలాగే. అయితే ఆ పాత గ్రాంటు ఈ నెలాఖరుతో సరి. కొత్తది రాకపోతే చాపలు చుట్టేయాల్సిందే.

కొత్తదాని కోసం తమ్ముడు ఒక పరిశోధన తలపెట్టాడు. వారానికి ఒక్కసారైనా గడప దాటి బయటికి వెళ్లేవాళ్లు, ఇంట్లోనే ఉండిపోయేవాళ్లకన్నా బాగా నిద్రపోతున్నారనీ, ఆయాసం తక్కువనీ, మందులు తగ్గుతున్నాయనీ అతనికి అనిపించింది. దాన్ని రుజువు చేయాలి. అందుకు కదల్లేనివాళ్ల ఇళ్ల ముందు సిమెంటు ర్యాంపులు కట్టాలి, మేడల మీదున్నవాళ్లకు మెట్ల గోడకు కరెంటు కుర్చీలు బిగించాలి, తర్వాత వాళ్ల ఆరోగ్యం ఎలా ఉందో చూస్తూ రావాలి. దరఖాస్తుకు పెట్టిన పేరు చదవడానికే అక్కకు ఊపిరి చాల్లేదు.

"బయటికెళ్తే బాగుంటుందని చెప్పడానికి ఇంత పేరెందుకురా?"

"చిన్న పేరు పెడితే చిన్న గ్రాంటే ఇస్తారక్కా."

నిధులిచ్చే సంస్థ నుంచి వెంటనే జవాబొచ్చింది. ఊరంతా తిరిగే బల్ల మీ దగ్గర ఉండగా ఇంటింటికీ ర్యాంపులెందుకో అర్థం కాలేదు, ఆ పేజీ కొట్టేశాం అన్నారు. పైగా మీరు బల్లను సిబ్బంది కింద చూపించారు, పరికరాల కింద మార్చండి, మా ఆఫీసరు తనిఖీకి వస్తారు, ఆ వేళకు పరికరాలన్నీ కేంద్రంలోనే ఉండాలి అన్నారు.

"నిన్నెవరు సిబ్బందిలో వేయమన్నారు?" అని అక్క తల పట్టుకుంది.

"మనందరికన్నా ఎక్కువ పని చేసేది అదే కదా. ఒక్క సెలవు కూడా అడగదు."

తనిఖీ రోజు అక్క పక్కింటివాళ్ల కుక్క గొలుసు అడిగి తెచ్చి బల్లను గేటు స్తంభానికి కట్టేసింది. తమ్ముడు మొహం గంటు పెట్టుకున్నాడు.

"దీన్ని కట్టేసి ఆయనకు ఏం చెప్తామక్కా? అందరినీ బయటికి తెద్దామనా?"

"ఒక్క పూటకు ఏమీ కాదు. నువ్వు నోరు మూసుకో."

ఆఫీసరు చెప్పిన టైముకే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మర్యాదైన మాట, ఎన్నో ఊళ్లు తిరిగిన అలసట. టీ వద్దని మంచినీళ్లు తాగాడు. కమ్మీలు ఊపి చూశాడు, చాపలు తొక్కి చూశాడు, అన్నిటికీ టిక్కులు పెట్టుకున్నాడు. చివరికి గేటు దగ్గరికి వచ్చాడు. బల్ల గొలుసుకి తన్నుకుంటోంది.

"ఎందుకలా కొట్టుకుంటోంది?"

"ఎవరో మెట్ల దగ్గర ఆగిపోయినట్టున్నారు సార్," అన్నాడు తమ్ముడు.

"ఎవరు?"

"ఆ సంగతి దానికే తెలుసు."

అక్క మాట మార్చి ఆఫీసరును లోపలికి తీసుకెళ్లింది. వ్యాయామాల గురించి చెప్పబోయింది. బయట గొలుసు చప్పుడు ఆగడం లేదు. పిల్లలు ఏడుస్తుంటే కూడా నవ్వుతూ పని చేయించే మనిషి, ఈ చప్పుడు వినలేకపోయింది. మధ్యలోనే మాట ఆపి గేటు దగ్గరికెళ్లి గొలుసు విప్పేసింది.

"పరికరం కనబడలేదని రాసుకోండి సార్, నా వల్ల కాదు," అంది. ఆ మాటతో కేంద్రం పోయినట్టేనని ఆమెకు తెలుసు.

బల్ల గేటు దాటింది. ఆఫీసరు దాన్నీ కాగితాన్నీ మార్చి మార్చి చూసి, "తనిఖీ ఇంకా పూర్తి కాలేదు మేడమ్," అని దాని వెనకే నడిచాడు. తమ్ముడి కుర్చీ తోసుకుంటూ అక్క కూడా బయల్దేరింది.

ఇస్త్రీ దుకాణం దాటారు, బడి గోడ దాటారు. మొదట్లో బల్లతో సమానంగా నడిచిన ఆఫీసరు రానురాను వెనకబడ్డాడు. ఒక సందు మలుపులో నిలబడే పోయాడు.

"ఏమైంది సార్?"

"ఇది మా వీధి."

బల్ల ఒక మేడ ముందు ఆగి, మెట్ల మీద పరుచుకుంటూ పైకి పాకింది. మలుపు దగ్గర తనూ మలుపు తిరిగింది. పైన, మెట్ల అంచున, చక్రాల కుర్చీలో ఒకావిడ కూర్చుని ఉంది. ఆఫీసరు భార్య.

నరాల జబ్బుతో ఆవిడ కాళ్లు పడిపోయి చాలా ఏళ్లయింది. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఎవరికి సాయమందాలో తేల్చే మనిషి తన ఇంటి గురించి అడిగితే బాగుండదని అతను అనుకున్నాడు. నన్నెవరూ మోసుకెళ్లక్కర్లేదని ఆవిడ అంది. ఆ తర్వాత అతను అడగడం మానేశాడు, ఆవిడ చెప్పడం మానేసింది. ఒకరినొకరు బాధపెట్టకూడదని జాగ్రత్తపడుతూనే అన్నేళ్లు గడిపేశారు. ఆవిడకు బయటి ప్రపంచమంటే బాల్కనీలోంచి తాడుతో దించే బుట్టా, కింద కూరగాయలమ్మే ఆమె గొంతూ. ఆవేళ బుట్టలో మళ్లీ మెత్తటి టమాటాలు వచ్చేసరికి ఆవిడకు ఒళ్లు మండింది. దిగి తేల్చుకుంటానని కుర్చీని మెట్లదాకా తోసుకొచ్చి, అక్కడ ఆగిపోయింది.

"ఈ వేళప్పుడు ఇంటికొచ్చారేంటండీ?" అంది భర్తను చూసి.

"తనిఖీకి."

"ఇన్నాళ్లకా!"

అక్క పైకెళ్లింది. "నేను పట్టుకుంటానమ్మా."

"పట్టుకోండి. తొందరపెట్టకండి, నాకు భయం," అంది ఆవిడ. భయమని ఆవిడ అనడం భర్త అంతకుముందు వినలేదు.

వెనక్కి తిప్పిన కుర్చీ నెమ్మదిగా కిందికి దిగింది. వీధిలోకి రాగానే ఆవిడ కాసేపు ఎటూ కదల్లేదు. తర్వాత తిన్నగా కూరగాయల బండి దగ్గరికి పోనిచ్చింది. ఇన్నేళ్లూ గొంతులతో పోట్లాడుకున్నవాళ్లు మొదటిసారి ఎదురుపడ్డారు.

"మీరేనా అమ్మా? ఆ అరుపులకు ఇంకా లావుగా ఉంటారనుకున్నానే!" అంది కూరగాయలామె.

"మాటలు తర్వాత. ఆ గంప ఇటు జరుపు."

ఆవిడ ఒక్కొక్క టమాటా నొక్కి చూసింది. మెత్తగా ఉన్నదాన్నల్లా పైకెత్తి చూపించి తిట్టింది. కూరగాయలామె కూడా ఏమీ తగ్గలేదు. ఇద్దరికీ పండగలా ఉంది. ఆఫీసరు గోడవైపు తిరిగి కళ్లజోడు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఎంతసేపు తుడిచినా అద్దాలు బాగుపడలేదు.

ఇంతలో బల్ల మెట్ల మీంచి ముడుచుకుంటూ దిగి, రోడ్డెక్కింది.

"వెళ్లిపోతోంది, ఆపండి!" అని ఆఫీసరు పరుగెత్తి దాని అంచు పట్టుకున్నాడు.

"వదిలేయండి సార్. ఇంకెక్కడో ఎవరో ఆగిపోయారు," అంది అక్క.

"మరి ఈవిడ పైకెలా వెళ్తుంది?"

తమ్ముడు మెల్లగా అన్నాడు. "మీరు కొట్టేసిన పేజీలో ఉన్నది అదే సార్."

ఆఫీసరు చేతిలోని అంచు వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, బల్లను వదిలేశాడు.

అది తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. అంతవరకు ఆవిడ వీధిలోనే ఉంది. ఎండ మళ్లితే కుర్చీ మళ్లించుకుంది, వచ్చేపోయేవాళ్లందరినీ పలకరించింది. భర్త కింది మెట్టు మీద కూర్చుని తనిఖీ కాగితాలతో ఆవిడకు విసిరాడు.

మర్నాడు అతను కేంద్రానికి వచ్చి కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు.

"మీ దరఖాస్తు న్యాయమైనది. కానీ మా ఆవిడ మీ బల్ల మీద దిగింది. ఇక దీని మీద నేను సంతకం పెట్టకూడదు, కమిటీలో కూర్చోకూడదు. రూలు."

"ఒప్పుకున్నది మీరొక్కరే, మీరు కూడా తప్పుకుంటే ఎలా సార్?" అని అక్క కూలబడింది.

ఈ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు అతని భార్య, "మీకు రూలుంటే ఉండనీయండి. నాకు నోరుంది కదా," అందట.

ఊళ్లోనే ఉన్న సంస్థ ఆఫీసుకు, కమిటీ ముందుకి ఆవిడే వెళ్లింది. ఆ మెట్లు కూడా బల్లే ఎక్కించింది. ఊళ్లో ఉన్న బల్ల చాలదా అని అధ్యక్షుడు అడిగాడు.

"చాలదండీ. ఇప్పుడే అది ఎవరికోసమో వెళ్లిపోయింది. వచ్చేదాకా నేను దిగలేను. మీకు పనులుంటే వెళ్లండి, నేను ఇక్కడే కూర్చుంటాను," అంది ఆవిడ.

ఆవిడను ఒంటరిగా వదిలేసి దిగి వెళ్లే ధైర్యం వాళ్లలో ఎవరికీ లేకపోయింది. కూర్చున్నారు. ఊరికే కూర్చోలేక దరఖాస్తు మళ్లీ మొదటినుంచి చదివారు, ఈసారి కొట్టేసిన పేజీతో సహా. బల్ల వచ్చేసరికి గ్రాంటు మంజూరైంది.

ఆ ఏడాది ఊళ్లో ర్యాంపులు లేచాయి, మెట్ల గోడలకు కుర్చీలు వచ్చాయి. ఇంటింటికీ వెళ్లి ఎలా నిద్రపోయారు, ఎన్నిసార్లు బయటికి వెళ్లారు అని అడిగి రాసుకునే మనిషి కావలసి వస్తే ఆఫీసరు భార్య నేనున్నానంది. తమ్ముడు ఈసారి ఆవిడను సిబ్బంది కిందే చూపించాడు. అడగాల్సినవి కాసిని, ఆవిడ ఆడే కబుర్లు బోలెడు. అందుకే ఏ రోజూ అనుకున్న వేళకు పని ముగిసేది కాదు.

ఒక సాయంత్రం కేంద్రంలో ఫోన్ మోగింది. అక్క ఎత్తింది. అవతల ఆఫీసరు కాస్త విసుగ్గా, కాస్త కంగారుగా ఉన్నాడు.

"మేడమ్, చీకటి పడుతోంది. మా ఆవిడ ఇంకా ఇంటికి రాలేదు."

ఆ మాట తన నోట వచ్చాక గానీ అతనికి అది వినబడలేదు. ఇన్నేళ్లలో ఆ మాట అనే అవసరం అతనికి ఒక్కసారీ రాలేదు. అక్క, అతను తేరుకునేదాకా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడింది.