ఖాళీకి నకలు

ఉద్యోగంలో చేరి నెల తిరగలేదు. మా అత్తగారు ఇరవై ఏళ్లుగా పటాలు గీస్తున్న ఆఫీసును అరనిమిషంలో తుడిచిపెట్టేశాను.

అందరి ఫైళ్లూ ఉండే సర్వర్లో డిస్కు నిండిపోయింది. కొత్తది బిగించాను. పాత డిస్కులోవన్నీ కొత్తదాంట్లోకి పంపమని కమాండ్ రాయాలి. హుషారెక్కువై అటూ ఇటూ మార్చి రాశాను. ఆ వెధవ సర్వర్‌కి ఎంత వినయమో! కొత్త డిస్కులోని ఖాళీని పొల్లుపోకుండా పాతదాంట్లోకి నకలు తీసింది.

"నా ఫైలేదీ?" "నాదీ లేదు!" అని హాల్లో కేకలు. ఏడవాల్సింది పోయి నేను పకపకా నవ్వాను. సాయంత్రం నాలుగింటికి ఊరి నీటిగొట్టాల పటం అప్పగించాలి. అది అత్తగారు గీసింది. అది పోతే నా ఉద్యోగం పోతుంది, ఆవిడ పరువూ పోతుంది. నన్ను ఇక్కడ పెట్టించింది ఆవిడే మరి.

"బ్యాకప్ ఉందా?" మేనేజరు తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"భేషుగ్గా ఉంది సార్!" అన్నాను. అందులోంచి ఒక్క ఫైలైనా వెనక్కి తీసి చూసిన పాపాన పోలేదు.

బ్యాకప్‌లోంచి ఫైళ్లు వెనక్కి తేవడం మొదలుపెట్టాను. పది శాతం. నలభై. ఆఫీసంతా నా కుర్చీ వెనకే. తొంభై. వంద! ఫైళ్లు బిలబిలమంటూ వచ్చిపడ్డాయి. గంతులేసి, పక్కనున్న మనిషిని కావలించుకున్నాను.

"నేను ఏసీ బాగుచెయ్యడానికొచ్చానమ్మా" అన్నాడు పాపం.

అంతలోనే గుర్తొచ్చింది. డిస్కు మారుస్తున్నానని ఈ పొద్దుటి బ్యాకప్ ఆపింది నేనే. ఇవన్నీ నిన్న పొద్దుటివి. నిన్నంతా అత్తగారు తలెత్తకుండా గీశారు.

ఆవిడ పటం తెరిచారు. కళ్లద్దాల మీంచి నన్ను చూశారు. చచ్చాన్రా దేవుడా అనుకున్నాను.

"మీదంతా ఉందాండీ?" అన్నాడు మేనేజరు.

"ఆఁ, అంతా ఉంది. నిన్న తలనొప్పిగా ఉండి ఊరికే కూర్చున్నాను, ఏమీ గియ్యలేదు. ఇప్పుడు పూర్తిచేస్తాను."

పెళ్లయిన ఆరేళ్లలో ఆవిడ నోట అబద్ధం వినడం అదే మొదలు. మేనేజరు తలూపి వెళ్లిపోయాడు.

"ఏం చూస్తావే, కుర్చీ లాక్కో" అన్నారు అత్తగారు గొంతు తగ్గించి. "వాల్వుల కొలతలు నా నోటుబుక్కులో ఉన్నాయి. నువ్వు చదువు, నేను గీస్తా. నీ మొగుడికి మాత్రం చెప్పకు, జన్మంతా ఆటపట్టిస్తాడు."

కళ్లు మసకబారి మొదటి అంకే కనిపించలేదు. ఆవిడ తన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, నేను చదివేదాకా ఆగారు.