రెండో వాక్యం

చిన్న కోడలు అడ్మిషన్ ఫారం పట్టుకుని మెట్లెక్కి వచ్చిన సాయంత్రం, పెద్ద కోడలి చేతిలోని ఎర్ర పెన్ను మూత జారి మంచం కిందికి దొర్లిపోయింది. ఆవిడ వంగి వెతకలేదు. తోడికోడలి ముఖంలోకే చూస్తూ కూర్చుంది.

"అక్కా, మా దాన్ని కూడా ఆ పెద్ద స్కూలు పరీక్షకి కూర్చోబెడదామనుకున్నాం. ఎలాగూ మీ పాపకి చెప్తున్నారు కదా, దీన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. మీకు తెలిసినంత మాకెవరికి తెలుసు చెప్పండి!"

మాటలో కల్మషం లేదు. ఉంటే బాగుండునని కూడా అనిపించింది పెద్ద కోడలికి. కల్మషం ఉన్న మాటకి జవాబివ్వడం తేలిక. "దానికేం భాగ్యం, పంపించు" అంది నవ్వు తెచ్చిపెట్టుకుని. మెట్లు దిగుతున్న చప్పుడు ఆగిపోయాక ఒళ్ళు భగ్గున మండింది.

మండదా మరి? ఇల్లు అన్నదమ్ములిద్దరిదీ. పై వాటాలో తను, కింది వాటాలో మరిది కుటుంబం. కింద వీధివైపు గదిలో చిన్న కోడలి కుట్టు మిషను. ఆ గదికి పొద్దస్తమానం జనమే. ఒకరు జిప్పు వేయించుకోవడానికి వస్తారు, ఇంకొకరు ఊరికే వస్తారు, వచ్చినవాళ్ళంతా నవ్వుకుంటూ పోతారు. చుట్టాలొచ్చినా ముందు అక్కడే తిష్ట వేస్తారు. పై వాటాకి వచ్చేసరికి వాళ్ళ దగ్గర మాటలు అయిపోయి ఉంటాయి. "మరదలి చెయ్యి పడితే చిరుగున్నట్టే తెలియదు" అని కట్టుకున్న మొగుడే అంటాడు, చొక్కా తొడుక్కుంటూ. పెద్ద కోడలి చెయ్యి పడితే ఏమవుతుందో ఆయన ఏ రోజూ అనలేదు.

ఆవిడది ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. పద్దెనిమిదేళ్ళుగా అదే బల్ల, అదే ఎర్ర పెన్ను. పుస్తకం సరిగ్గా అచ్చయితే ఆవిడ ఎవరికీ గుర్తురాదు. ఒక్క అక్షరం తప్పు పోతే మాత్రం యజమాని మొదలుకుని అందరికీ గుర్తొస్తుంది. అందుకే కూతురికి ఆ స్కూల్లో ఆరో తరగతి సీటు వచ్చిన రోజున చుట్టాలంతా కింద ఆగకుండా తిన్నగా పైకి రావాలని ఆవిడ ఆశ. ఏడాదిగా ఆ ఒక్క రోజు కోసమే కూతుర్ని సానబెడుతోంది. ఇప్పుడు ఆ రోజులో కూడా సగం పంచుకోవడానికి కింది వాటా తయారైంది.

మర్నాటి నుంచి సాయంత్రం అయిదింటికి భోజనాల బల్ల దగ్గర పాఠం మొదలైంది. ఒకవైపు ఈవిడ కూతురు. సన్నగా, నిటారుగా, జడలో పెన్సిలు గుచ్చుకుని కూర్చుంటుంది కాబట్టి ఇంట్లో అందరికీ అది పెన్సిలే. రెండోవైపు చిన్న కోడలి కూతురు లొడలొడ. ఆ పేరెందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

పరీక్షలో రెండు పేపర్లు. మొదటిది మాటల మధ్య సంబంధం కనిపెట్టేది. గొడుగుకి వానతో ఉన్న సంబంధమే దుప్పటికి దేనితో ఉంది, ఈ నాలుగింటిలో చేరనిదేది, అలాంటివి.

"ఆప్షన్ల వైపు చూడకండి. ముందు మీరే ఒక వాక్యం చెప్పుకోండి" అంది పెద్ద కోడలు. "గొడుగు వాన నుంచి కాపాడుతుంది. మరి దుప్పటి దేన్నుంచి కాపాడుతుంది?"

"చలి" అంది పెన్సిలు.

"మా ఇంట్లో దోమల నుంచి పెద్దమ్మా" అంది లొడలొడ.

"మీ ఇంటి సంగతి ఎవరడిగారు? కాగితం మీదున్నదే మనకి కావాలి." ఇద్దరికీ ఒక నియమం పెట్టింది. ఏ జవాబు చెప్పినా అది ఏ వరసలో ఉందో వేలు పెట్టి చూపించాలి. వేలు పెట్టలేని జవాబు ఎంత బాగున్నా కొట్టెయ్యాలి.

రెండో పేపరు చదివేది. ఒక పేజీ కథో, వ్యాసమో ఇచ్చి దానిమీద పది ప్రశ్నలు అడుగుతారు. సీట్లన్నీ దానిమీదే తేలతాయని ప్రెస్సులో అందరూ అనేవారు. ఆ ప్రాక్టీసు పుస్తకాలు అచ్చయ్యేది అక్కడే. పెద్ద కోడలి దగ్గర దానికొక కిటుకుంది. దాన్ని భోజనాల బల్ల మీద పెట్టలేదు.

ప్రూఫులు దిద్దేవాళ్ళు కథలో పడితే తప్పు కనపడదు. కన్ను దానంతటదే సరిచేసుకుని ముందుకి వెళ్ళిపోతుంది. అందుకని ఆవిడ పేజీ మీద స్కేలు పెట్టి, అడుగు వరస నుంచి ఒక్కో వరసే చదువుతూ పైకి వస్తుంది. అర్థం వెంట రాదు, అక్షరం తప్పించుకోదు. ఆ కన్ను కూతురికి వస్తే ఎవరూ సాటి రారని ఆవిడ గట్టి నమ్మకం. పొద్దున్నే తలుపు గడియ పెట్టి నేర్పింది.

"ముందు ప్రశ్నలు చదువు. ప్రశ్నలో ముఖ్యమైన మాట పట్టుకో. స్కేలు పెట్టి కిందనుంచి పైకి వెతుక్కుంటూ రా. ఆ మాట ఏ వరసలో దొరికితే అక్కడే జవాబు. కథ జోలికి మాత్రం పోకు, టైమంతా తినేస్తుంది."

"చెల్లికి చెప్పనా?"

"చెప్పావో, వీపు చీరేస్తాను."

మరి లొడలొడకి? ఏదో ఒకటి చెప్పకపోతే బాగుండదు. పిల్ల నోరు కాసేపు మూతపడాలి, టైము గడవాలి. పెద్ద కోడలు అప్పటికప్పుడు ఒక పని అల్లింది. "నువ్వు మొత్తం చదువు. తొందరేం లేదు. చదివాక పుస్తకం మూసేసి రెండు వాక్యాల్లో చెప్పు. మొదటి వాక్యం ఏం జరిగిందో. రెండో వాక్యం ఎవరికి ఏమనిపించిందో. ఇక్కడ నాకు తీరిక లేదు, కిందికెళ్ళి మీ అమ్మకి చెప్పుకో."

ఆ పిల్ల దాన్ని వేదం అనుకుంది. రోజూ పాఠం అవగానే దబదబా మెట్లు దిగేది. కింద మిషను చప్పుడు టక్కున ఆగేది. కాసేపు నిశ్శబ్దం. తర్వాత తల్లీకూతుళ్ళ నవ్వులు, కొన్ని రోజులు ఆ నవ్వులు కూడా ఉండేవి కావు. మళ్ళీ ఎప్పటికో మిషను కదిలేది. పైనుంచి వింటున్న పెద్ద కోడలికి ఆ ఆగడమే గుచ్చుకునేది. తన కూతురు తనతో మాట్లాడేటప్పుడు తను ఎర్ర పెన్ను పక్కన పెట్టిన రోజు ఒక్కటీ గుర్తురాలేదు. గుర్తురాకపోవడం కూడా తోడికోడలి తప్పే అనిపించింది.

పరీక్ష ఇరవై రోజులుందనగా ఇద్దరికీ ఒక నమూనా పేపరు ఇచ్చింది. లైట్‌హౌస్‌లో దీపం వెలిగించే ఒక ముసలాయన కథ. కిందటేడు తనే పదకొండు తప్పులు దిద్దిన పేజీ. గడియారం పెట్టింది. పెన్సిలు అయిదు నిమిషాల ముందే ముగించి చేతులు కట్టుకుంది. లొడలొడ ఆఖరి నిమిషం దాకా రాస్తూనే ఉంది. జవాబుల కాగితం పక్కన పెట్టుకుని దిద్దితే పెన్సిలుకి ఆరు వచ్చాయి. లొడలొడకి తొమ్మిది.

రెండోసారి లెక్కపెట్టింది. తొమ్మిదే.

"ముసలాయన కిటికీ ఎందుకు తెరిచి ఉంచాడు? దీనికి 'గాలి కోసం' అని పెట్టావేంటే?" అంది కూతురితో.

"గాలి అనే మాట పద్నాలుగో వరసలో ఉందమ్మా."

"పెద్దమ్మా, అది కాదు, ఎందుకంటే ఆయన..." అని లొడలొడ మొదలుపెట్టబోయింది.

"ఎందుకో నాకక్కర్లేదు. మూడో ఆప్షన్. అంతే!" అని కాగితాలు లాక్కుంది.

ఆ రోజు నుంచి అన్నం సహించలేదు. తొమ్మిది ఎలా వచ్చాయి? కుట్టు మిషను ముందు పెరిగిన పిల్లకి, నోరు మూయని పిల్లకి, తను కావాలనే ఏ కిటుకూ చెప్పని పిల్లకి? కాసేపు పిల్ల మీద, కాసేపు తల్లి మీద, కాసేపు తన మీదే కుళ్ళుకుంది. నాలుగు రోజులకి కారణం దొరికింది. కింది గదిలో ఆకుపచ్చ పరదాల గుడ్డ గుట్టగా పడి ఉంది. అవి ఆ పెద్ద స్కూలు హెడ్‌మిస్ట్రెస్ ఇంటికట.

"చూశావా? పరదాలు కుట్టిపెట్టి ప్రశ్నలు తెచ్చుకుంటోంది మీ పిన్ని" అంది కూతురితో, కసిగా. "నవ్వుతూ నవ్వుతూ ఎంత పనైనా చేస్తుంది."

పెన్సిలు పుస్తకంలోంచి తలెత్తింది. "ఏ వరసలో ఉందమ్మా అది? వేలు పెట్టి చూపించు."

"నోర్మూసుకుని చదువు!"

పిల్ల నోరు మూసుకుంది. పెద్ద కోడలి వేలు మాత్రం గాల్లోనే ఉండిపోయింది, పెట్టడానికి చోటు లేక.

పరీక్ష అయింది. మూడు వారాలకి స్కూలు నుంచి రెండు కవర్లు ఒకేరోజు వచ్చాయి. లొడలొడకి సీటు వచ్చింది. పెన్సిలుకి మాటల పేపరులో యాభైకి నలభై ఎనిమిది, ఆ సంవత్సరానికి అదే ఎక్కువ. చదివే పేపరులో యాభైకి పంతొమ్మిది. వెయిటింగ్ లిస్టులో ఉంచామని, మిగిలిన అయిదు సీట్ల కోసం చదివే పేపరు మాత్రం వచ్చే శనివారం ఇంకోసారి పెడతామని రాశారు.

చిన్న కోడలు మెట్లన్నీ పరిగెత్తుకుంటూ ఎక్కి వచ్చి పెద్ద కోడలి రెండు చేతులూ పట్టుకుంది. "అక్కా, అంతా మీ చలవే. మీరు చెప్పిన ఆ రెండు వాక్యాలు! రోజూ కిందికొచ్చి నాకు చెప్పేది. ముందు నాకు పని చెడేది, విసుక్కునేదాన్ని. తర్వాత అది ఎప్పుడొస్తుందా, ఇవాళ ఎవరికి ఏమైందా అని నేనే ఎదురుచూసేదాన్ని. పరీక్షలో కూడా అలాగే చదివిందట. మన పాపకి కూడా వచ్చేస్తుంది చూడండి."

పెద్ద కోడలికి అందులో ఎత్తిపొడుపు వినిపించింది. తోడికోడలు వెళ్ళాక, కవరు బల్ల మీద విసిరికొట్టి, "పుండు మీద కారం చల్లడానికే వచ్చింది" అంది.

పెన్సిలు ఈసారి వరస అడగలేదు. జడలోంచి పెన్సిలు తీసి బల్ల మీద పెట్టింది. "నేను కథ చదవలేదమ్మా" అంది. "పరీక్షలో వచ్చిన కథ ఏంటని చెల్లి అడిగితే నాకు తెలియదు. నువ్వు జోలికి పోవద్దన్నావు కదా."

కోపంగా అని ఉంటే తిరిగి కసిరేది. పిల్ల మామూలుగా అంది, ఉన్నది ఉన్నట్టు. పెద్ద కోడలు చాలాసేపు ఆ పంతొమ్మిది అంకె మీద వేలు పెట్టి కూర్చుంది. తను పద్దెనిమిదేళ్ళలో దిద్దిన పుస్తకాల్లో ఒక్కదాని కథ గుర్తుచేసుకోబోయింది. ఒక్కటీ రాలేదు. బంగారమని గడియ పెట్టి కూతురికి ఇచ్చింది ఇదన్నమాట. పనికిరానిదని పక్కవాళ్ళకి పారేసింది అదన్నమాట.

మర్నాడు ఆదివారం, పరీక్షకి ఇంకా ఆరు రోజులుంది. ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుని కిందికి దిగింది.

మిషను ఆడుతోంది. లొడలొడ నేల మీద కూర్చుని గుండీలు రంగుల వారీగా వేరు చేస్తోంది. "రండక్కా" అని చిన్న కోడలు లేవబోయింది.

"కూర్చో. నీకొకటి చెప్పాలి." సొంత ఇంట్లోనే, చుట్టాలంతా కూర్చునే గదిలోనే, ఆవిడ పరాయిదానిలా గుమ్మంలో నిలబడింది. "మంచి కిటుకు మా దాని కోసం దాచిపెట్టుకుని, మీ దానికి కాలక్షేపం పని ఇచ్చాను. అదే పనికొచ్చింది. దాన్ని మా దానికి కూడా నేర్పమని అడగడానికి వచ్చాను."

మిషను ఆగింది. ఇన్నాళ్ళూ పైనుంచి విన్న ఆ నిశ్శబ్దం ఇప్పుడు ఎదురుగా ఉంది.

లొడలొడ గుండీలు వదిలేసి ముఖం పైకెత్తింది. "అది ఏం జరిగిందో మాత్రమే పెద్దమ్మా. రెండో వాక్యం చెప్పలేదు."

"ఏయ్, ఊరుకో" అంది తల్లి.

"ఊరుకోమనకు" అంది పెద్ద కోడలు. లొడలొడ వైపు తిరిగింది. "మీ అమ్మని చూసి కుళ్ళుకున్నాను. నిన్ను చూసి కూడా."

చిన్న కోడలు సూది కింద ఉన్న గుడ్డ వైపు చూసింది. "మా అక్క చెప్పబట్టే సీటొచ్చిందని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాను" అంది. "రేపు వాళ్ళొచ్చి అడిగితే ఏం చెప్పమంటారు?"

పెద్ద కోడలు కూతురి చెయ్యి వదిలింది.

"పిల్లని లోపలికి పంపండి" అంది చిన్న కోడలు. "ఒసేయ్, అక్కకి కుర్చీ వెయ్యి."

లొడలొడ పెన్సిలుకి ఒక్క కుర్చీయే వేసింది. పెద్ద కోడలు గుమ్మంలోనే నిలబడింది. పోనూ లేదు, కూర్చోనూ లేదు. పెన్సిలు తనతో తెచ్చుకున్న నమూనా పేపరు తెరిచి, అలవాటుగా స్కేలు తీసి అడుగు వరస కింద పెట్టింది. లొడలొడ ఆ స్కేలు లాగేసి పెద్దమ్మ చేతిలో పెట్టి వచ్చింది. "పైనుంచి. గట్టిగా చదువు, అమ్మ కూడా వింటుంది."

పెన్సిలు చదవడం మొదలుపెట్టింది. ముసలాయన రోజూ సాయంత్రం రెండు కంచాలు కడిగి బల్ల మీద పెడతాడు. తనకి సరిపోని ఒక బూట్ల జత తుడుస్తాడు. ఎప్పుడో మాటా మాటా అనుకుని పడవెక్కి వెళ్ళిపోయిన తమ్ముడు పిలిస్తే వినపడాలని, గాలి ఎంత కొట్టినా కిటికీ మూయడు. చదువుతూ చదువుతూ పిల్ల గొంతు నెమ్మదించింది. చిన్న కోడలు మిషను తొక్కడం మొదలుపెట్టలేదు.

పెద్ద కోడలు స్కేలు పట్టుకుని కథ చివరిదాకా విన్నది. ఆ పేజీలో పదకొండు తప్పులు దిద్దింది తనే. అందులో ఒక తమ్ముడున్నాడని ఆవిడకి ఇవాళే తెలిసింది.