పప్పు ఉడకని నీళ్లు

ఇరవై ఆరు ఊళ్లలో నేను ఒకే గ్లాసు చూపించాను. గాజు గ్లాసు, అందులో చిటికెడు తెల్ల గుళికలు, పైన సీలు తీసిన బాటిల్ నీళ్లు. పావుగంటలో గుళికలు ఉబ్బి గ్లాసు నిండిపోయేది. అప్పుడు గ్లాసును బోర్లించేదాన్ని. ఒక్క చుక్క కూడా కారేది కాదు. జనం చప్పట్లు కొట్టేవాళ్లు, నేను పొంగిపోయేదాన్ని. గుళికల కంటే నేనే ఎక్కువ ఉబ్బానని ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకేం సిగ్గు లేదు.

నా పేరు లావణ్య. డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను. మాది ఆళ్లగడ్డకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె, ఉద్యోగం నంద్యాలలో. గోపాలకృష్ణ గారి ఎరువుల దుకాణం తరఫున ఊరూరా తిరిగి ‘నీరుముత్యం’ గుళికల గురించి చెప్పడం నా పని. అది ఎరువూ కాదు, పురుగుమందూ కాదు. పసిపిల్లల డైపర్లలో నీళ్లు పీల్చే పొడి ఉంటుందే, ఆ జాతిది. తన బరువుకు మూడు వందల రెట్లు నీళ్లు పీల్చి ముద్దలా మారుతుందనీ, వేరు దగ్గర వేస్తే వాన ఎగ్గొట్టినా మొక్కకు తడి అందిస్తుందనీ కంపెనీ కాగితంలో రాశారు. నేను కాగితాన్ని నమ్మాను. గ్లాసును అంతకంటే ఎక్కువ నమ్మాను.

మా నాయన మద్దిలేటి తక్కువ మాట్లాడే మనిషి. అందుకే కాబోలు, విత్తనం గురించో వాన గురించో ఆయన ఒక మాట అంటే ఊరు ఆగి వింటుంది. నిరుడు మిరప నాట్లకు ముందు టీ కొట్టు దగ్గర మా పక్కచేను బాలస్వామి ఆయన్ను అడిగాడట.

“ఆ గుళికలు మంచియేనా మద్దిలేటన్నా?”

“నా బిడ్డ చెప్పింది” అన్నాడట నాయన.

అంతే. ఆ మూడు ముక్కలకు పదకొండు మంది రైతులు తమ చేలల్లో గుళికలు వేశారు.

నాట్లు వేసిన ఇరవై రోజులకు వాన మొహం చాటేసింది. బోర్లు సన్నగా పోస్తున్నాయి. గుళికలున్నాయి కదా, తడికీ తడికీ మధ్య పన్నెండు రోజులు ఆగొచ్చని నేనే ధీమాగా చెప్పాను. తొమ్మిదో రోజుకు మొక్కలు తలలు వాల్చాయి. పన్నెండో రోజుకు మా రెండెకరాల్లో పచ్చగా మిగిలింది గట్టు మీది తుమ్మచెట్టు ఒక్కటే. బాలస్వామి చేను కూడా అలాగే ఎండిపోయింది. మిగతావాళ్లవీ అంతే.

నేను మొక్క మొదట్లో తవ్వి చూశాను. ముద్దలు లేవు. నానని సగ్గుబియ్యంలా గట్టి గట్టి పలుకులు కనిపించాయి. వేళ్లతో నొక్కితే రబ్బరులా జారిపోయాయి. ఎందుకిలా అయిందో నాకు అర్థం కాలేదు.

ఊళ్లో ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. దానికి బదులు ఒక కొత్త మాట పుట్టించారు. బస్సు రాకపోతే ఒకరు విసుక్కునేవారు, పక్కవాడు నవ్వేవాడు: “బేగా వస్తాదిలేప్పా, మద్దిలేటి బిడ్డ చెప్పింది.” మబ్బు పట్టి వెళ్లిపోతే అదే మాట, కరెంటు పోతే అదే మాట. నాయన టీ కొట్టుకు పోవడం మానేశాడు. ఇంట్లోనే గ్లాసెడు టీ తాగి, చేనికి వెనక దారిన పోయేవాడు. ఆ వెనక దారి చూసినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

ఈ వేసవిలో ఒక ఆదివారం మా అమ్మ సరస్వతమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. కందిపప్పు కడిగి పెట్టింది. నేను చెంబుతో తొట్టిలో నీళ్లు ముంచి గిన్నెలో పోయబోయాను.

“ఏందీ, బోరు నీళ్లు పోస్తాండావా? ఆ నీళ్లల్లో పప్పు ఉడకదు మ్మే. క్యాన్లో మంచినీళ్లు పొయ్యి.”

పుట్టినప్పటి నుంచి ఈ మాట వింటున్నాను. మా చుట్టుపక్కల పల్లెల్లో బోరు నీళ్లు స్నానానికి, బట్టలకు, గొడ్లకు, చేనికి. పప్పుకు మాత్రం ప్లాంటు నుంచి తెచ్చిన మంచినీళ్లు. చిన్నపిల్లకు కూడా తెలుసు. నేను చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఆ సున్నం పప్పు బద్దను లోపలి నుంచి బిగించేస్తుంది, మెత్తబడనివ్వదు. గుళికకూ అదే గతి. దానిలో సన్నటి పోగులు ముడుచుకుని ఉంటాయి. అవి విచ్చుకుంటేనే నీళ్లకు చోటు. సున్నం వచ్చి ఆ పోగుల్ని ఒకదానికొకటి కుట్టేస్తుంది. ఈ పాఠం నేను చదివాను, పరీక్షలో రాశాను, మంచి మార్కులు కూడా వచ్చాయి. కానీ కంపెనీ ఇచ్చిన సంచిలో గ్లాసు పక్కన నీళ్ల బాటిల్ కూడా ఎందుకు పెట్టారని ఇరవై ఆరు ఊళ్లలో ఒక్కసారీ అనుమానించలేదు. పప్పులో కాలేశాను అంటారే, నేను అచ్చంగా ఆ పప్పులోనే వేశాను.

ఆ పూటే పచ్చళ్లు పెట్టే గాజు జాడీలు మూడు కడిగాను. ఒక్కోదాంట్లో అర చెంచా గుళికలు. మొదటిదాంట్లో బాటిల్ నీళ్లు, మిగతా రెండిట్లో బోరు నీళ్లు. మూడోదాంట్లో గుళికల మీద పల్చటి బట్ట వేసి, దానిపైన నాయన మిరపకాయలు తూచే కిలో తూకం రాయి దించాను. బెత్తెడు లోతులో వేరు మీదుండే మన్ను బరువు ఇంచుమించు అంతే ఉంటుంది.

మధ్యాహ్నానికి మొదటి జాడీ మూతి దాకా ఉబ్బింది. రెండోది రెండు వేళ్ల ఎత్తు లేచి ఆగిపోయింది. మూడోదాంట్లో రాయి కదిలిందో లేదో కళ్లు చికిలించి చూడాల్సి వచ్చింది. గుళిక ఉబ్బాలంటే మీదున్న బరువును నెట్టుకుని లేవాలి. అసలే సున్నం పట్టి బిగుసుకున్నది, ఇంక దేన్ని నెడుతుంది? నా గ్లాసులో దాని మీద గాలి తప్ప ఏ బరువూ లేదు.

అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి మూడు జాడీల వంకా చూసింది.

“దీనికి డిగ్రీ ఎందుకు మ్మే? నన్ను అడిగింటే అప్పుడే చెప్పకపోదునా?”

సోమవారం ఆ జాడీలు పట్టుకుని నంద్యాల దుకాణానికి వెళ్లాను. గోపాలకృష్ణ గారు ఎవరినీ గట్టిగా ఒక మాట అనరు. మనిషిని ఉబ్బేయడంలో ఆయన్ను మించినవాడు జిల్లాలో లేడు. నేను చెప్పిందంతా తల ఊపుతూ విన్నారు.

“నువ్వు బంగారమమ్మా లావణ్యా. ఇరవై ఆరు ఊళ్లు నీ నోటితోనే గెలిచినాం. ఈ జాడీలు, తూకం రాళ్లు మనకెందుకు? శనివారం కల్యాణ మండపంలో రైతు సదస్సు పెడతాండాం. నాలుగు నూర్ల మంది వస్తాండారు. ఎప్పటి మాదిరే గ్లాసు చూపీ, చాలు.”

“మా ఊర్లో పదకొండు చేలు ఎండిపోయినాయి సార్.”

“ఎండకు ఎండినాయి. గుళికలేం చేస్తాయి? మీ నాయన గూడా సదస్సులో మన గుళికల పక్కే చెప్తానన్యాడు గదా.”

“మా నాయనా?”

“ఆదర్శ రైతు అని శాలువా కప్పుతాండాం. గుళికలు బాగా పని చేసినాయని మైకులో రెండు మాటలు చెప్పమంటి. సరేనన్యాడు. నీ ఉద్యోగం సంగతి గూడా ఆయనకు చెప్పినాలే.”

ఆ చివరి మాటను ఆయన చాలా మెత్తగా అన్నారు.

ఇంటికి వచ్చేసరికి నాయన వసారాలో కూర్చుని డ్రిప్పు పైపు చిల్లులు సరిచేస్తున్నాడు.

“అబద్ధం చెప్తావా నాయనా?”

తల ఎత్తలేదు. “చెప్పకుంటే నీ ఉద్యోగం తీసేస్తారంట గదా.”

“తీసేయనీ.”

“ఉద్యోగం ఒగటే కాదు పాపా. నా బిడ్డ చెప్పిందని పోయినేడు నేనే అంటి. ఇప్పుడు నేనే కాదంటే, నలుగుర్లో నీ మొగం యాడ పెట్టుకుంటావ్? నేను ముసలోన్ని. నాకేమయితాది?”

నాకు ఒళ్లు మండిపోయింది. అరవై ఏళ్లుగా నోటి నుంచి తప్పుడు మాట రానివ్వని మనిషి, నా పిచ్చి గ్లాసు కోసం ఆ నోరు పాడు చేసుకుంటానంటున్నాడు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటాను. మా నాయన మాట పోతే ఎక్కడి నుంచి తెచ్చేది? ఆయన మైకు పట్టుకునేలోపే నేను మాట్లాడాలని ఆ క్షణమే అనుకున్నాను. ఆయనకు మాత్రం చెప్పలేదు. చెబితే నన్ను ఆపుతాడు.

శనివారం పొద్దున ఆళ్లగడ్డలో బస్సెక్కాం. నాయన తెల్ల చొక్కా వేసుకున్నాడు. నా కాళ్ల దగ్గర ఐదు లీటర్ల క్యాను, ఒళ్లో జాడీల సంచి ఉన్నాయి.

“ఏందీ, క్యాన్లో?”

“మన బోరు నీళ్లు.”

“నంద్యాల్లో ఈ నీళ్లెందుకు?”

“పప్పు ఉడకబెట్టడానికి.”

నాయన నా మొహం కేసి చూశాడు. శిరివెళ్ల దాటినా కిటికీలోంచి చేలు చూస్తూనే కూర్చున్నాడు.

మండపం నిండిపోయింది. నాలుగో వరసలో బాలస్వామి కనబడ్డాడు. గుళికలు ఉబ్బడానికి టైం పడుతుందని చెప్పి, ఉపన్యాసాలు మొదలవక ముందే వేదిక మీద మూడు జాడీలు సిద్ధం చేసి, మీద కంపెనీ గుడ్డ కప్పాను. ఒకటికి మూడు చూపిస్తున్నానని గోపాలకృష్ణ గారు మురిసిపోయారు. ఉపన్యాసాలు గంటసేపు సాగాయి. నాయనకు శాలువా కప్పారు. తర్వాత నన్ను పిలిచారు.

నేను గుడ్డ తీయలేదు. క్యాను పైకెత్తాను.

“ఈ నీళ్లు మా ఊరి బోరువి. ఎవరన్నా ఒకరు వచ్చి నోట్లో పోసుకోని చూడండి.”

ఆడవాళ్ల వరసలోంచి నరసమ్మ అనే పెద్దావిడ లేచి వచ్చింది. చిన్న కమతం రైతట. దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని, పక్కకు ఉమ్మేసింది.

“థూ. మా బోరు నీళ్ల మాదిరే ఉండాయి.”

“వీటితో పప్పు ఉడుకుతాదా అక్కా?”

“యాడ ఉడుకుతాది? పొద్దున పెడితే మాపటికి గూడా పలుకులే.”

ఆడవాళ్లంతా నవ్వారు. నేను గుడ్డ లాగేశాను.

“మొదటి జాడీలో బాటిల్ నీళ్లు. ఇన్నాళ్లు మీ ఊళ్లకొచ్చి నేను చూపించింది ఇదే. రెండోది మన బోరు నీళ్లు. మూడోది మన బోరు నీళ్లు, మీద మన మన్ను బరువు. మీ చేలో జరిగేది ఈ మూడోది. పోయినేడు పదకొండు చేలు ఎండినాయి. నేను చెప్పింది తప్పు. గట్టిగా చెప్పినా, నమ్మి చెప్పినా తప్పే. మంచినీళ్లుండి, కుండీల్లో మొక్కలు పెంచుకునేటోళ్లకు ఇవి పనికొస్తాయేమో. మన మిరపకు మాత్రం వీటిని నమ్ముకోని తడి ఆపొద్దండి.”

గోపాలకృష్ణ గారు నవ్వుతూనే వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకున్నారు.

“పాపకు ఒంట్లో బాగలేదు. ఏందో మాట్లాడతాండాది. మీరేం పట్టించుకోవద్దండి.”

నరసమ్మ ఇంకా మెట్లు దిగలేదు. నడుం మీద చెయ్యి వేసుకుని వెనక్కి తిరిగింది.

“గోపాలకృష్ణన్నా, నీ పప్పులు ఈ నీళ్లల్లో ఉడకవులే!”

మండపం గొల్లుమంది. వెనక వరసల్లో కుర్చీలు కదిలాయి. గోపాలకృష్ణ గారి మొహంలో నవ్వు పోయింది. ఆయన గబగబా నాయన దగ్గరికి వెళ్లారు.

“చిన్నపిల్ల మాట వద్దండప్పా. అనుభవం ఉండే రైతు మాట వినండి. ఈ పాప నాయనే ఈయన. చెప్పు మద్దిలేటన్నా, గుళికలు పని చేసినాయా ల్యా?”

నాయన లేచి ముందు బల్ల దగ్గరికి వచ్చాడు. మూడో జాడీలోంచి తన తూకం రాయి బయటికి తీశాడు. చెయ్యి పెట్టి నాలుగు పలుకులు పట్టుకుని నొక్కి చూశాడు. అవి జారిపోయాయి. తడి చెయ్యి పంచెకు తుడుచుకుని, మీదున్న శాలువా తీసి మడిచి బల్ల మీద పెట్టాడు. అప్పుడు మైకు అందుకున్నాడు. నా వైపు చూడలేదు. నాలుగో వరసలో ఉన్న బాలస్వామి వైపు చూశాడు.

“నా బిడ్డ చెప్పింది” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నాయన మైకు గోపాలకృష్ణ గారి చేతికి ఇచ్చేసి, క్యాను ఎత్తుకుని, ముందు మెట్ల మీదుగా జనం మధ్యలోకి దిగాడు.