మూడో కిటికీ

"దొంగ, నా ఫైలు" అని ఇంగ్లీషులో అరుస్తూ జుమా వరహాలు మణికట్టు పట్టుకున్నాడు. ఉడుంపట్టు. కూర్మన్నపాలెం స్టాపులో జనమంతా వెనక్కి తిరిగారు. బస్సు అప్పటికే కదిలిపోయింది.

అయిదు నిమిషాల క్రితం ఇద్దరూ, వరహాలుకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతోనే, చుట్టాల్లాగే మాట్లాడుకున్నారు. జుమాది టాంజానియా. ఈ దేశంలో అతనికిదే మొదటి రోజు. దువ్వాడలో రైలు దిగి, రెండు సూట్‌కేసులూ ఓ నల్ల ఫైలూ పట్టుకుని స్టాపుకొచ్చాడు. స్టీలు ప్లాంటులో షిఫ్టు దిగొచ్చిన వరహాలును యూనివర్సిటీకి దారి అడిగాడు. సాయంత్రం అయిదులోగా ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించకపోతే అడ్మిషన్ పోతుందన్నాడు.

బస్సు కిక్కిరిసి వచ్చింది. మూడో కిటికీ దగ్గర ఎవరో లేవడం వరహాలు కంటపడింది. సీట్లో వేద్దామంటే భుజాన తువ్వాలు లేదు. ముప్పై ఏళ్ల అలవాటు చేతిని ఆగనివ్వలేదు. జుమా చేతిలోని ఫైలు లాక్కుని కిటికీలోంచి ఆ సీట్లోకి విసిరేశాడు. ఎక్కమని చెప్పేలోగా జుమా మీద పడ్డాడు. కండక్టరు రైట్ చెప్పేశాడు.

"సీటాపేను బాబూ, నీకోసమే," అన్నాడు వరహాలు కంగారులో తెలుగులోనే.

జుమాకు తెలుగు రాదు. "పాస్‌పోర్టు కూడా అందులోనే," అన్నాడు.

పాస్‌పోర్టనగానే వరహాలు చుట్టూ చూశాడు. ఎదురుగా బావమరిది సాయిశంకర్ ఆటో కనబడితే జుమాను లాక్కునే పరిగెత్తాడు.

"ఏటి బావా, పోలీసోడు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు?"

"నోర్ముయ్యి. ముందా బస్సు పట్టు."

సూట్‌కేసులు వెనక కుక్కారు. జుమా పట్టు మాత్రం వదల్లేదు. గాజువాకలో బస్సు కనబడింది. అంతలో లారీ అడ్డొచ్చింది, ఆపైన సిగ్నలు పడింది. స్టాపులో దిగుతున్న ఒకడి చంకలో నల్లటిదేదో ఉంది. వరహాలు ఆటోలోంచి సగం బయటికి వంగాడు. తీరా చూస్తే క్యారేజీ సంచి.

"ఇంకేటి ఫైలు బావా, కింద పడేసి తొక్కేసుంటారు," అన్నాడు సాయిశంకర్.

వరహాలు బస్సు మీంచి చూపు తిప్పలేదు. ఇల్లు విడిచి ఇంత దూరం వచ్చినవాడి చదువు తన చేత్తోనే కిటికీలోకి విసిరేశాడు.

షీలానగర్ స్టాపులో ఆటో బస్సుకు అడ్డంగా ఆగింది. డ్రైవరు తిట్లు లంకించుకున్నాడు. వరహాలు, చెయ్యి వదలని జుమా, ఇద్దరూ జనాన్ని తోసుకుంటూ లోపలికి దూరారు. కాలు పెట్టే చోటు లేదు.

మూడో కిటికీ దగ్గర ఒక్క సీటు ఖాళీగా ఉంది. దాని మీద నల్ల ఫైలు.

పక్కనే ఓ ముసలామె ఖాళీ చేపల తట్ట చంకనెట్టుకుని నిలబడి ఉంది. "మీదేనేటి? ఎంతమంది కూకోబోనారో. ఎవులో ఏసుకున్నారు, వత్తారని నానే ఆపినాను. మోకాళ్లు ఊడిపోనాయి."

"ఫైలుకి టిక్కెట్టెవులు తీత్తారు?" అన్నాడు కండక్టరు.

జుమా ఫైలు విప్పాడు. పాస్‌పోర్టు ఉంది, సర్టిఫికెట్లన్నీ ఉన్నాయి. తలెత్తి, కమ్మీలు పట్టుకుని వేలాడుతున్న జనాన్ని చూశాడు. ఆ ఖాళీ సీటును చూశాడు. నెమ్మదిగా వరహాలు చెయ్యి వదిలాడు. మణికట్టు మీద అయిదు వేళ్లూ అచ్చుపడ్డాయి.

టైము నాలుగైంది. ఆటోలో పోతే అందుకోవచ్చు. దిగబోతూ జుమా ముసలామెకు సీటు చూపించాడు. ఆమె తట్ట దించి వంగేలోగా కిటికీలోంచి ఓ తువ్వాలు వచ్చి సీట్లో పడింది.

ముసలామె తువ్వాలు వంక చూసింది. తట్ట మళ్లీ చంకనెట్టుకుని, "ఎవుడ్రా అది, బేగి ఎక్కు," అంది.

జుమా వరహాలు వైపు తిరిగాడు. ఆ రోజు మొదటిసారి నవ్వాడు.