బానే ఉందన్న మనిషి

మా ఆయన నరసింహారావుకు ఛాతీలో మంట. ఎసిడిటీ అని అందరూ తేలిగ్గా తీసిపారేస్తారు గానీ, కడుపులో పుల్లటి నీళ్లు గొంతుదాకా ఎగదన్నే జబ్బు అది. మంచం తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టాను. అన్నం తిన్నాక రెండు గంటలు నడుం వాల్చనివ్వను. ఇరవై నాలుగేళ్లు మిలిటరీలో చేసి హవల్దారుగా ఇంటికొచ్చిన మనిషి గరిటెడు చారుకు భయపడతాడు. అయినా ఎవరడిగినా ఆయన నోట ఒకటే మాట, బానే ఉంది.

ఆ గొప్పలే మా కొంప ముంచాయి.

రిటైరయ్యే ముందు మిలిటరీ డాక్టర్లు బోర్డుగా కూర్చుని ఒంట్లో ఉన్న జబ్బులన్నీ రాస్తారు. ఉద్యోగం వల్ల వచ్చిన జబ్బయితే డిజేబిలిటీ పెన్షన్ ఉంటుంది. ఈ మంట ఎప్పటినుంచి అని ఈయన్ని అడిగారట. ఈయనేమో ఛాతీ విరుచుకుని, మాది పల్నాడు సార్, మిరపకాయలు తిని పెరిగినోళ్లం, మా వైపు ఇంటింటికీ ఉండేదే అన్నాడట. పరాయి చోట కారం గురించి గొప్పలు పోకపోతే మావాళ్లకు తిన్నది అరగదు కదా. డాక్టర్లు నవ్వలేదు, రాసుకున్నారు. ఉద్యోగంలో చేరకముందు నుంచే ఉన్న జబ్బు, ఇంటి తిండి వల్ల వచ్చింది, సర్వీసుకు సంబంధం లేదు. మొదటి అప్పీలును కూడా ఆ ముక్క పట్టుకునే కొట్టేశారు.

నరసరావుపేటలో మా ప్లీడరు సింధు ఆ కాగితాన్ని తెలుగులో చదివి చెబుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటి తిండి అంటే ఎవరి తిండి? పెళ్లయిననాటి నుంచీ నాదే కదా. పెన్షన్ సంగతి అటుంచండి, నా చేతి వంట మొగుడి కడుపు కాల్చిందని సర్కారు ముద్ర వేసి ఇచ్చిన కాగితం అది. దాన్ని అలాగే వదిలేసి నేను చచ్చేది లేదని రెండో అప్పీలు వేయించాను. ఆయనకు ఇష్టం లేదు. ఎందుకే నిర్మలా, బానే ఉందిగా అన్నాడు.

ఆ బాధ సర్వీసులోనే మొదలైందని చూపించే కాగితం ఏదైనా ఉందేమో వెతకమంది సింధు. ఆ రోజుల్లో ఇంటికి రాసిన ఉత్తరమైనా సరేనంది. ఉండకేం? ఫోన్లు వచ్చేదాకా ఆయన రాసినవన్నీ ట్రంకుపెట్టెలో దాచుకున్నాను. వసారాలో కూర్చుని ఒక్కొక్కటే విప్పాను. నేను బానే ఉన్నా. నువ్వు పంపిన పండుమిరప పచ్చడి చానా బాగుంది. డబ్బా అయిపోయింది, ఈసారి పెద్దది పంపు. ఏ ఉత్తరం విప్పినా అదే. మంట అన్న మాట ఒక్క దాంట్లోనూ లేదు.

సెలవుకొచ్చి వెళ్లేటప్పుడల్లా డబ్బా కట్టి ఇచ్చేదాన్ని. మధ్యలో మా వైపు జవాను ఎవరైనా వెళ్తుంటే బతిమాలి ఇంకోటి పంపేదాన్ని. రోట్లో వేసి, నా చేతులు భగ్గుమంటున్నా నూరిన పచ్చడి. బోర్డు వాళ్లు రాసింది నిజమేనేమో. ఆ మనిషి గొంతు నేనే కాల్చానేమో. ఆ పూట నాకు అన్నం సహించలేదు. ఉత్తరాలు సింధుకు చూపించకుండా మళ్లీ పెట్టెలో పడేశాను.

నాలుగో రోజున యల్లమంద వచ్చాడు. కోటప్పకొండ దగ్గర వాళ్లది, మా ఆయనతో ఏడేళ్లు ఒకే రెజిమెంటులో ఉన్నవాడు. సాక్షిగా అఫిడవిట్ ఇవ్వమని సింధు పిలిపిస్తే, ముందు మా ఇంటికొచ్చాడు. ఇద్దరికీ అన్నం పెట్టాను. పచ్చడేది వదినా అని అడిగాడు. ఇంట్లో ఆ ఊసే ఎత్తడం లేదని చెప్పాను. కలిపిన ముద్ద కంచంలోనే పెట్టేసి నావైపు చూశాడు.

"ఏడేళ్లు నీ పచ్చడి తిన్నది నేను వదినా. చేరిన కొత్తల్లో నాతో పందెమేసి పచ్చిమిరపకాయలు కొరికినోడే అన్న. మంచుకొండల మీద మొదటి చలికాలమే మంట మొదలైంది. వేళాపాళా లేకుండా టిన్నుల్లో తిండి, మోకాళ్ల నొప్పికి ఖాళీ కడుపున బిళ్లలు. పాలల్లో రొట్టె నానేసుకుని తినేవాడు. నీ డబ్బా రాంగానే మూత తీసి వాసన చూసి నాకిచ్చేవాడు."

నేను మా ఆయన వైపు తిరిగాను.

"మరి పెద్ద డబ్బా పంపమని రాశావేందయ్యా?"

"చెబితే పంపటం మానేస్తావుగా," అన్నాడు. "మూత తీస్తే ఇంటికొచ్చినట్టుండేది."

నాకెంత కోపమొచ్చిందో అంత ఏడుపొచ్చింది. ఏడేళ్లు నన్ను నమ్మించిన మనిషిని ఏమనాలో తెలియక, మంచినీళ్ల గ్లాసు ఆయన ముందు ఠపీమని పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయాను. నేను కాల్చలేదు. పొయ్యి ముందు కూర్చుని ఆ మాటే పదిసార్లు అనుకున్నాను.

యల్లమంద అదంతా అఫిడవిట్‌లో రాసిచ్చాడు. ఇక ఆయన నోరొక్కటే మిగిలింది. అప్పీలు బోర్డు డాక్టర్లు సికింద్రాబాద్ రమ్మన్నారు. దారి పొడుగునా, అక్కడ గొప్పలు పోయావంటే ఊరుకోనని చెబుతూనే ఉన్నాను. నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. తలుపు ఓరగా తెరిచే ఉంది. ఇప్పుడెలా ఉంది అని హిందీలో అడిగారు. ఈయన వెనక్కి తిరిగి నావైపు చూశాడు.

బాగా లేదు సార్, అన్నాడు.

ఆ తర్వాత ఆగలేదు. నాకొచ్చిన హిందీ తక్కువే అయినా అన్నీ అర్థమయ్యాయి. ఏ చలికాలం మొదలైందో, గోడకు ఆనుకుని కూర్చునే ఎలా నిద్రపోయేవాడో చెప్పాడు. సెలవుకొచ్చినప్పుడు నేను వండింది కాదనలేక తిని, పొలం వంకతో బయటికెళ్లి కక్కుకునేవాడట. అది నాకూ తెలియదు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

మూడు నెలలకు సింధు దగ్గరికి ఆర్డరొచ్చింది. చేరేనాటికి లేని జబ్బు, సర్వీసు వల్లే వచ్చింది, పెన్షన్ ఇవ్వాలి. ఇంటి తిండి అన్న మాట ఎక్కడన్నా ఉందేమో చూడమ్మా అన్నాను. సింధు పేజీలన్నీ తిరగేసి, లేదు పిన్నీ అంది.

ఇంటికొచ్చేసరికి ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆర్డరు చేతికిచ్చి, అలవాటు కొద్దీ ఎట్లా ఉందని అడిగాను. బా, అని ఆగాడు. కాగితం మడిచి పక్కన పెట్టాడు.

"మండుతోందే," అన్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లకు మొదటిసారి నాతో చెప్పాడు. కళ్లు తుడుచుకుని, చల్లటి పాలు తేవడానికి లేచాను.