సుబ్బరాయప్ప దిగిపోయే వేళ

ఎండ ముదరకముందే మల్బరీ ఆకు కోసేయాలి. వాడిన ఆకు వేస్తే పట్టుపురుగులు తల తిప్పుకుంటాయి. సుగటూరు పిల్లమ్మ పెళ్లై వచ్చిన నాటినుంచీ ఆ వేళకు తోటలోనే ఉంటుంది. మొగుడు పోయినా, వాన పోయినా, పురుగులకు ఆకు తప్పించలేదు. ఆ ఏడు మాత్రం చిక్కు వచ్చిపడింది. ఎద్దుల జతలో ఒకటి చచ్చిపోయింది. మిగిలినది కాడి కట్టకపోయినా తన పక్కకే ఒదిగి నిలబడి, రెండో పక్క చోటు వదిలి పెట్టేది. ఒంటి ఎద్దుతో ఏం దున్నుతారు? మల్బరీ సాళ్ల మధ్య పెద్ద ట్రాక్టరు పట్టదు. చిన్నది కొనాలి. కొత్తదా, పాతదా అన్నదే మాట.

ఆ చుట్టుపక్కల ట్రాక్టరు కొనడమంటే ఏమిటో అందరికీ తెలుసు. ప్రతి ట్రాక్టరుకూ సీటు మీద ఒక నీడ కావాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఆ సీటు ఖాళీగా ఉంటుంది. ఎక్కువ నడిపినవాడి నీడ కొంచెం కొంచెంగా దానికి అంటుకుంటుంది. ఒకనాడు మనిషి దిగి వస్తాడు, నీడ దిగి రాదు. ఆ తర్వాత ఆ మనిషి ఎక్కువ కాలం ఉండడు. నీడ పోయినందుకు మనిషి పోతాడా, మనిషి పోయే ముందు నీడ పోతుందా అన్నది ఎవరూ తేల్చలేదు. తేల్చాల్సిన ఆఫీసర్లకు ట్రాక్టరు ఎక్కే పని లేదు.

పాత బండికి ఆ బాధ లేదు. సీటు మీద ముందే ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. కొనేవాళ్లు టైర్లు చూసి, ఇంజను విని, ఆఖరున నీడ గుణం అడుగుతారు. తాగుబోతు నీడ ఉంటే సాలు వంకర పోతుంది. పగ పెట్టుకున్న నీడ ఉంటే బండి గట్టు దాటి పక్కవాడి చేలోకి దూకుతుంది.

పిల్లమ్మ కొడుకు ఓబలప్ప నాలుగేళ్లుగా ఊళ్లోవాళ్ల పాత బండ్లు నడుపుతున్నాడు. ఎవడో చచ్చినవాడి నీడ చెప్పినట్టు తిప్పీ తిప్పీ విసిగిపోయాడు. తన బండి తన మాటే వినాలని వాడి ఆశ. కోలారు షోరూములో నీలం రంగు చిన్న ట్రాక్టరు చూసి వచ్చినప్పటినుంచీ అన్నం తింటున్నా దాని మాటే. సరే, చూద్దామని తల్లీ కొడుకూ బస్సెక్కారు.

షోరూము ముందు ఎండలో బండి నిలబెట్టారు. నేల మీద దాని నీడ పడింది. చక్రాలు, స్టీరింగు, ఖాళీ సీటు. ఓబలప్ప ఎక్కి కూర్చున్నాడు. వాడి నీడ ఆ సీటులో పడ్డ తీరు పిల్లమ్మకు నచ్చలేదు. కొలత తీసి కుట్టించినట్టు సరిపోయింది. వాడు నవ్వుతూ కిందికి దూకాడు. నీడ వెంటనే దూకలేదు. కొంచెంసేపు అక్కడే కూర్చుని, ఏదో గుర్తొచ్చినదానిలా మెల్లగా దిగి వచ్చి వాడి కాళ్లు పట్టుకుంది.

షోరూము అబ్బాయి కూడా చూశాడు. కొత్త బండి ముందు ముందు అట్లాగే పట్టుకుంటుందని, తర్వాత అలవాటైపోతుందని చెప్పి, వడ్డీ సంగతి ఎత్తుకున్నాడు. పిల్లమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని బస్టాండుకు నడిపించింది. దారంతా వాడు గొణుగుతూనే ఉన్నాడు.

"సచ్చినోని ఒళ్లో కూచోని దున్నమంటావామ్మా?"

"మీ తాత ఒళ్లో పెరిగినోడివే కదరా. ఆయప్ప ఇప్పుడు బతికుండాడా? నీకేమన్నా కుష్టు పట్టిందా?"

కేజీఎఫ్‌లో ఒక చిన్న ట్రాక్టరు అమ్మకానికి ఉందని పిల్లమ్మ టమోటా మండీలో వినింది. ఆండర్సన్‌పేట దిగి, గని మట్టి పారబోసిన సైనైడు దిబ్బల పక్కగా నడిచి, కోరమండల్‌లో గని కార్మికుల పాత ఇళ్ల వరసలో అడుగుతూ పోయారు. సగం ఇళ్లకు తాళాలు. గని మూతబడి మూడేళ్లు దాటింది. వయసులో ఉన్నవాళ్లంతా చీకటితోనే బెంగుళూరు రైలెక్కి, చీకటి పడ్డాకే దిగుతారు. నేలలోంచి బంగారం తోడి ఇచ్చినవాళ్లకు మిగిలింది రైలు పాసు.

ట్రాక్టరు ఇంటి ముందు ఎండలో ఉంది. ఎర్ర రంగు వెలిసిపోయింది. సీటు మీద మనిషి లేడు గానీ, నేల మీది నీడలో ఒక సన్నటి మనిషి కొంచెం వంగి కూర్చుని ఉన్నాడు. తల మీద గని టోపీ. ఇంటావిడ ఆదిలక్ష్మమ్మ గ్లాసుతో టీ తెచ్చి, నీడ చెయ్యి పడ్డచోట నేల మీద పెట్టి, తర్వాత వీళ్లకు ఇచ్చింది. భర్త సుబ్బరాయప్ప గనిలో పనికి స్వస్తి చెప్పి, వచ్చిన డబ్బుతో ఈ బండి కొన్నాడట. ఊళ్లమ్మట దున్ని బతికాడట. గని ఇంకా నడుస్తుండగానే పోయాడట.

పిల్లమ్మ టైర్లు నొక్కి చూసింది. ఓబలప్ప ఇంజను స్టార్టు చేసి విన్నాడు. ముఖం ముడుచుకునే ఉన్నా చెవి మాత్రం ఒప్పుకుంది.

"అక్కా, ఏమీ అనుకోవద్దు. తాగేవాడా?" అని పిల్లమ్మ అడిగింది.

"తాగడు. కోపముండాది. అది నోటితోనే."

"ఎవురి మీదన్నా పగ?"

"మేనేజరు మీద. ఆయప్ప మీ ఊరికి రాడులే." ఆదిలక్ష్మమ్మ నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది. "ఒకటి మాత్రం చెప్పాల. గని మానినా ఈయప్పకు పగటి షిఫ్టు అలవాటు పోలేదు. రెండు గంటలకు సైరను కూస్తే దిగిపోతాడు."

సైరను మూడేళ్లుగా కూయడం లేదు. ఓబలప్ప ఆ మాట అనబోయేంతలో నేల మీది నీడ లేచింది. చేతులు తుడుచుకుంది. చక్రం మీద కాలు పెట్టి దిగి, నడిచి ఇంట్లోకి వెళ్లి, పొయ్యి పక్కన గోడ మీద ఆనుకుని నిలబడింది. ఇంజను గొంతు ఖాళీ డబ్బా చప్పుడులా మారిపోయింది. ఓబలప్ప దాన్ని ఆపేశాడు.

"ఇంగ రేపు పొద్దున్నే ఎక్కేది. ఎంత దూరం తీసుకోనిపోయినా ఈడికి వచ్చేస్తాడు, పొద్దున బండికాడికి పోతాడు. దానికే నేను అమ్ముతా ఉండేది. బండి పోయినా మనిషి నాకాడనే ఉంటాడు." ఆమె పిల్లమ్మ వైపు తిరిగింది. "చెల్లీ, ఇది గట్టిగా పట్టుకో. ఆయప్ప దిగినాక మీవోడు ఎక్కగూడదు. అప్పుడు సీటు ఖాళీ. కొత్తదానికన్నా చెడ్డది. ఆకలిమీద ఉంటాది."

పిల్లమ్మ మాట ఇచ్చింది. బేరం కుదిరింది. మర్నాడు పొద్దున నీడ ఎక్కాక, మధ్యాహ్నంలోగా బండి సుగటూరు చేరింది.

ఆ చలికాలం, ఎండాకాలం హాయిగా గడిచాయి. సుబ్బరాయప్ప పనిమంతుడు. మల్బరీ సాళ్ల మధ్య ఒక్క కొమ్మ విరగనిచ్చేవాడు కాదు. రెండు గంటలకు దిగి రోడ్డెక్కి పోయేవాడు. బంగారపేట దారిలో బస్సు కోసం నిలబడ్డవాళ్లు, మనిషి లేని నీడ పోతుంటే కాళ్లు వెనక్కి తీసుకుని దారి ఇచ్చేవాళ్లు. ఓబలప్ప కూడా సణగడం మానేశాడు. మధ్యాహ్నం తర్వాత వాడికి వేరే పని లేదు కదా, తిని పడుకునేవాడు.

వాన వచ్చాకే వచ్చింది తంటా. ఆ ఏడు వాన ఆలస్యంగా పడి, పడ్డది ఒకేసారి పడింది. నేల పదునుకు వచ్చింది. రాగి విత్తడానికి ఆ పదును ఆరేలోగానే వేళ. ఊరంతా ఓబలప్ప గుమ్మం ముందే. మా రెండు మడులు తిప్పెయ్యప్పా, మా గట్టు కింద తిప్పెయ్యప్పా అని గడ్డం పట్టుకున్నారు. వాడు మంచివాడు, అదే వాడి రోగం. సుబ్బరాయప్ప దిగిపోయాక తల్లి చూడకుండా బండి ఎక్కాడు.

పిల్లమ్మ ఆకు మోసుకుని వస్తూ దూరంనుంచి చూసింది. ఊళ్లోని చెన్నమ్మ చేలో బండి తిరుగుతోంది. నేల మీద నీడ పొడుగ్గా సాగుతోంది. సీటు మీద ఉన్నది గని టోపీ నీడ కాదు. ఆకు అక్కడే పడేసి పరిగెత్తింది. వాణ్ని దింపి, ఊరంతా వినేట్టు తిట్టింది. వాడు దిగాడు. నీడ చాలాసేపటికి వచ్చింది.

రెండోనాడు కాపలా కాసింది. మూడోనాడు ఆమె ఆకు వేస్తుండగా వాడు మళ్లీ జారుకున్నాడు. ఈసారి తిట్టడానికి కూడా లేకపోయింది. వాడే ఇంటికి వచ్చి, గడప దగ్గర కూర్చుని, చలిగా ఉందమ్మా అన్నాడు. సాయంకాలం ఎండ వాడి మీద పడుతోంది. వెనక గోడ మీద తలుపు నీడ ఉంది, చెంబు నీడ ఉంది. వాడిది లేదు.

పొద్దున్నే పిల్లమ్మ బండి దగ్గరికి పోయింది. కొడుకు నీడ సీటులో ఒదిగి కూర్చుని ఉంది. సుబ్బరాయప్ప నీడ పనికి వచ్చి, ఎక్కడానికి చోటు లేక, చక్రం పక్కన నిలబడి ఉంది. ఇంటి ముందు ఓబలప్ప రగ్గు కప్పుకుని ఎండలో వణుకుతున్నాడు. సంగటి ముద్ద నోట్లో పెడితే మింగలేదు. పిల్లమ్మ మొదటి బస్సు పట్టుకుంది.

ఆదిలక్ష్మమ్మ అంతా విని పొయ్యి ఆర్పేసింది. పొయ్యి పక్కన నీడ ఆనుకునే గోడను కొంగుతో తుడిచింది.

"ఆయప్ప లేపితే మీవోని నీడ లేస్తాది" అంది. "అయితే రెండు గంటలకు ఈయప్ప దిగిపోతాడు. అది మళ్లా పోయి కూచుంటాది. దారి తెలిసిపోయింది కదా దానికి. ఈయప్ప ఎప్పుడూ దిగకుండా ఉంటేనే మీవోడు బతికేది."

"దిగకుండా ఎట్ల ఉంటాడక్కా?"

"గని మూసేసినారని ఆయప్పకు తెలీదు. నేను చెప్పలేదు. చెప్తే ఇంగ షిఫ్టు లేదు. షిఫ్టు లేకపోతే ఇంటికి వచ్చే పని లేదు."

ఆ మాట చెప్పమని అడగడానికి పిల్లమ్మకు నోరు ఎలా వస్తుంది? ఆదిలక్ష్మమ్మ లేచి, చీర మార్చుకుని, తలుపుకు తాళం వేసింది.

సుగటూరు చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. సుబ్బరాయప్ప నీడ చక్రం పక్కనే ఉంది, వేళ కాని వేళ పెళ్లాం కనబడినందుకేమో తల తిప్పింది. ఆదిలక్ష్మమ్మే దాని దగ్గరికి పోయి నిలబడింది. ఇద్దరి నీడలూ పక్కపక్కన నేల మీద పడ్డాయి.

"ఇదో, ఇను" అంది. "గని మూసేసినారు. నువ్వు పోయిన మరుసటేడే. లోపలంతా నీళ్లు నిండిపొయ్యె. సైరను కుయ్యడం లేదు. నీ జతగాళ్ల పిల్లలు బెంగుళూరులో వాచ్‌మన్లుగా ఉండారు. ఇంగ నువ్వు దిగే పని లేదు. ఆ పిల్లోడు నీ తావులో కూచోనుండాడు. లేపి పంపించు."

నీడ కదల్లేదు. గాలి కూడా లేదు. చేలో ఉన్న కొంగలు అట్లే నిలబడిపోయాయి. తర్వాత అది తల మీది టోపీ తీసింది. ఇన్నాళ్లలో దాని తల ఎవరూ చూడలేదు. టోపీని పక్కన పెట్టి, చక్రం మీద కాలు వేసి ఎక్కి, కూర్చుని ఉన్న నీడ భుజం తట్టింది. గనిలో షిఫ్టు మారేటప్పుడు వచ్చినవాడు పోయేవాడి భుజం తట్టినట్టు.

ఓబలప్ప నీడ సీటులోంచి జారి, సాలు వెంట పాకుతూ ఇంటివైపు పోయింది. కొంతసేపటికి ఇంట్లోంచి వాడి గొంతు వినిపించింది, అమ్మా, ఆకలవుతోంది అని.

ఆడవాళ్లిద్దరూ మాత్రం బండి దగ్గరే ఉండిపోయారు. రెండు గంటలయింది. నీడ లేవలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టి ముందుకు చూస్తూ ఉంది. మూడయింది. ఆదిలక్ష్మమ్మ ముక్కు చీదుకుని, కొంగు దోపుకుంది.

"ఆకు యాడుండాది చెల్లీ? పురుగులు ఎండిపోతా ఉంటాయి" అంది.

ఆ రోజు ఆమె ఆఖరు బస్సుకు పోలేదు. మర్నాడూ పోలేదు. తర్వాత పిల్లమ్మ పోయి కోరమండల్ ఇంట్లోని పెట్టె, పొయ్యి తెచ్చింది. పొద్దున ఇద్దరూ కలిసి ఆకు కోస్తారు. అది అయ్యాక పిల్లమ్మే బండి ఎక్కుతుంది. అంత వయసులో ఆడది ట్రాక్టరు నేర్చుకోవడమా అని ఊరు నవ్వింది. నవ్వినవాళ్లే పదును రాగానే గుమ్మం ముందుకు వచ్చారు. ఇప్పుడు పొద్దున్నించీ చీకటి పడేదాకా బండి ఆగదు, సుబ్బరాయప్ప దిగడు కదా.

ఓబలప్ప పురుగుల పని చూసుకుంటాడు. తింటాడు, నవ్వుతాడు, పెళ్లి మాటలు కూడా నడుస్తున్నాయి. పట్టుగూళ్లు అమ్మడానికి వాడు కోలారు మార్కెట్టులో వరసలో నిలబడతాడు. వాడు నిలబడే ఉంటాడు, నేల మీద వాడి నీడ మాత్రం కూర్చుని ఉంటుంది, స్టీరింగు పట్టుకున్నట్టు రెండు చేతులూ ముందుకు చాచి. వరస కదిలినప్పుడు అది కూర్చున్నది కూర్చున్నట్టే వాడి వెంట జరుగుతుంది. వెనక ఉన్నవాళ్లు దాన్ని తొక్కకుండా కొంచెం చోటు వదిలి నిలబడతారు.